పిరనీస్ కొండల్లో ఒక ఫ్రెంచి బ్రాందీ తోట, పదహారేళ్ళ తర్వాత

మార్చి నెలాఖరులో, ఆఫీసులో ఏదో మీటింగ్ నడుస్తుండగా ఎలెన్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ళ నాన్న ఎమీల్ గారికి ఒక వైరల్ జ్వరం తర్వాత వాసన తెలియడం పోయిందట. రెండేళ్ళయినా తిరిగి రాలేదట. ఈ మధ్య తరచుగా నా పేరు ఎత్తుతున్నారట. జూన్‌లో బ్రాందీ బట్టీ వెలిగిస్తాం, వీలు చూసుకుని ఒక రోజు రమ్మని రాసింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, జీవితమంతా తన ముక్కును నమ్ముకుని బతికిన మనిషి. ఫోన్ బోర్లా పెట్టి మీటింగ్‌లో కూర్చున్నాను గానీ, ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

మేం ఉండేది మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో. ఎమీల్ గారి ద్రాక్షతోట అక్కడికి వాయవ్యంగా నూట డెబ్బై, నూట ఎనభై కిలోమీటర్ల దూరంలో, పిరనీస్ అని పిలిచే చిన్న కొండల పక్కన ఉంది. ఫ్రాన్స్‌లోని పర్వతాల పేరే ఇక్కడి కొండలకూ పెట్టుకున్నారు. వాళ్ళ కుటుంబం ఫ్రాన్స్‌కి పడమటి వైపు, తరతరాలుగా బ్రాందీ కాచే ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడి పద్ధతిలోనే రాగి బట్టీలో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారు. ఆ ప్రాంతం పేరు ఇక్కడ సీసా మీద వేయకూడదు కాబట్టి ఉత్త బ్రాందీ అనే రాసుకుంటారు. దాంతోపాటు కొద్దిగా ఎర్ర వైనూ తెల్ల వైనూ చేస్తారు.

పదహారేళ్ళ క్రితం నేను యూనివర్సిటీలో చదువుకుంటూ, మార్చి నెలంతా వారాంతాల్లో ఆ తోటలో ద్రాక్ష కోతకు వెళ్ళాను. నాతో వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళు కోతలు కాగానే మానేశారు. జూన్ సెలవుల్లో కట్టెలు పేర్చడానికీ, రాగి పాత్రలు తోమడానికీ మనిషి కావాలంటే నేను మళ్ళీ వెళ్ళాను. బ్రాందీ కాచేటప్పుడు మొదట వచ్చే ధార ఘాటుగా, ముక్కులో గుచ్చినట్టు ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెడతారు. తర్వాత వచ్చే నడుమ ధారనే పీపాల్లోకి పంపుతారు. ఒకటి ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడంలోనే ఉంది పనంతా. ఒక రోజు ఎమీల్ గారు నా అరచేతిలో రెండు చుక్కలు పోసి, రుద్దుకుని వాసన చూడమన్నారు. చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ పోశారు, మళ్ళీ పోశారు. "ఇప్పుడు మారింది" అన్నాను. ఆయన తన చేతిలో గ్లాసు కింద పెట్టి నాకేసి చూశారు. అదే మాట అనబోతూ ఆగారట.

అందులో నా గొప్పేం లేదు. మాది కందుకూరు దగ్గర. మా నాన్నకు పొగాకు బ్యారన్, అంటే మంట పెట్టి ఆకు మగ్గబెట్టే కొట్టం, ఉండేది. లోపల ఆకు ఎంతవరకు మగ్గిందో చిన్న కిటికీ తెరిచి, వాసన చూసి చెప్పేవారు. నేను అన్నం క్యారియర్ తీసుకెళ్ళినప్పుడల్లా నన్నూ ఆ కిటికీ దగ్గరికి ఎత్తి, "ఏం వాసనొస్తందే?" అని అడిగేవారు. ఆ ఆటే ఇక్కడ పనికొచ్చింది. కాకపోతే మా ఇంట్లో మందు ముట్టేవాళ్ళు లేరు. బ్రాందీ దగ్గర పనిచేస్తున్నానని ఇంటికి చెప్పలేదు, పళ్ళతోటలో అని చెప్పాను. నేను అప్పుడూ తాగలేదు, ఇప్పుడూ తాగను. వాసన చూడటం వరకే.

ఆ జూలై చివర్లో బట్టీ ఆర్పేరోజు, ఉండిపొమ్మని అడిగారు ఎమీల్ గారు. తనకు తెలిసిందంతా నేర్పుతానన్నారు. నాకు డిగ్రీ పూర్తి కావాలి, ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి పీఆర్ రావాలి. వచ్చే చలికాలం తప్పకుండా వస్తానని చెప్పి బస్సెక్కాను. ఆ పని మీద వీసా దొరికే దారి ఏదైనా ఉందా అని ఎవరినీ కనీసం అడగలేదు. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పాప, ఇల్లు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా బల్లారట్‌లో పాత బంగారు గనులు చూపించడానికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడి నుంచి తోట ఇంకో గంట దూరం. ఆ గంట మాత్రం ఎన్నడూ ప్రయాణం చేయలేదు. ఏడాది ఆలస్యమైతే క్షమాపణ చెప్పొచ్చు, నాలుగేళ్ళయ్యాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

జూన్‌లో ఒక శనివారం ఉదయం ఏడు గంటలకు బయల్దేరాం, నేనూ మా అమ్మాయి ఆద్యా. మా ఆయనకు ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ. ఆద్యకు పదమూడేళ్ళు. డాన్స్ క్లాసు లేదు కాబట్టి రాక తప్పలేదు దానికి. రింగ్ రోడ్డు ఎక్కి వెస్టర్న్ ఫ్రీవే పట్టుకుంటే బల్లారట్ దాకా కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చంటారు గానీ, ఆ రోజు బాకస్ మార్ష్ దాటాక ఘాట్ ఎక్కుతుంటే పొగమంచు కమ్మేసింది. యాభైకి దించి నడిపాను. బల్లారట్ దగ్గర సన్‌రేసియా హైవేకి మళ్ళాక రోడ్డు రెండు వరుసలే. రెండు పక్కలా గొర్రెలు, మంచుతో తెల్లబడ్డ గడ్డి, మధ్యమధ్య యూకలిప్టస్ చెట్లు. కంగారూలు ఎక్కువ కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడ్డాక ఈ రోడ్డు మీద వేగంగా పోకండి. పెట్రోలు బల్లారట్‌లోనే పోయించుకోవడం మంచిది. కారు లేనివాళ్ళకు బల్లారట్ వరకూ రైలుంది. అక్కడి నుంచి బస్సులు చాలా తక్కువ, ముందే చూసుకోవాలి.

తొమ్మిదిన్నర ప్రాంతంలో అవోకా అనే చిన్న ఊళ్ళో బేకరీ దగ్గర ఆగాం. నాకు కాఫీ, ఆద్యకు హాట్ చాక్లెట్, ఇద్దరికీ కలిపి పాలకూర పేస్ట్రీ, ఇరవై డాలర్ల లోపే అయింది. ఎక్కడికని అడిగింది కౌంటర్ దగ్గరావిడ. చెప్పాను. ఆమె కాఫీ మూత పెడుతూ, ఎమీల్ ఇదివరకు రోడ్డు చివర కారు దిగినప్పుడే ఏ రొట్టె పొయ్యిలో ఉందో చెప్పేవాడని అంది. ఇప్పుడు లోపలికి రావడమే మానేశాడట, కూతుర్ని పంపించి తను కారులో కూర్చుంటాడట.

అవోకా నుంచి తోటకు పావుగంట. చివరి రెండు కిలోమీటర్లు మట్టి రోడ్డు, మామూలు కారు వెళుతుంది. జూన్‌లో ద్రాక్ష తీగలకు ఆకు ఉండదు. కత్తిరింపులు సగమే అయినట్టున్నాయి, కొన్ని వరుసలు జుట్టు విరబోసుకున్నట్టు, కొన్ని గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. పచ్చదనం చూడాలనుకునేవాళ్ళు జనవరిలో రండి. నేను మాత్రం చలికాలమే చెబుతాను, బట్టీ వెలిగేది అప్పుడే కాబట్టి. పది గంటలకు రుచి చూసే గది తెరుస్తారు. మనిషికి పదిహేను డాలర్లు, సీసా కొంటే అది తగ్గిస్తారు. చలికాలం శనివారాల్లో పదకొండింటికి బట్టీ చూపిస్తారు, ముప్పై అయిదు డాలర్లు. మా దగ్గర ఏమీ తీసుకోలేదు ఎలెన్. కారు తలుపు నేను తీసేలోపే వచ్చి గట్టిగా పట్టుకుంది. యాభై దాటింది ఆమెకు, జుట్టు పూర్తిగా నెరిసింది. పీపాలుండే షెడ్డు గోడలు మసి పట్టినట్టు నల్లగా ఉంటే, ఇక్కడేమైనా కాలిపోయిందా అని ఆద్య అడిగింది. పీపాల్లోంచి ఏటా కొంత బ్రాందీ ఆవిరై పోతుందనీ, ఆ ఆవిరి తిని బతికే బూజు అదనీ ఎలెన్ చెప్పింది.

ఎమీల్ గారు బట్టీ పక్కన చెక్క కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి లేవలేదు, చెయ్యి చాచారు. ఆయన ఇంగ్లీషులో ఇప్పటికీ ఫ్రెంచి యాసే.

"వచ్చే చలికాలం వస్తానన్నావు" అన్నారు.

దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. గుర్తు చేసుకుంటున్నట్టు అన్నారు, అంతే. సారీ అన్నాను. పక్కనున్న కుర్చీ చూపించారు.

పదకొండింటికి మెల్‌బోర్న్ నుంచి ఎనిమిది మంది సందర్శకులు వచ్చారు. ఎలెన్ వాళ్ళకు రాగి బట్టీ ఎలా పనిచేస్తుందో వివరించింది. ఇప్పుడు ధార విడదీసే పని ఆమెదే. వేడి కొలిచే యంత్రమూ, గాజు గొట్టంలో తేలే కొలమానమూ చూసి విడదీస్తుంది. తనకు నాన్నంత ముక్కు లేదని నవ్వుతూ ఒప్పుకుంది. ఎమీల్ గారు ధార కింద గ్లాసు పట్టి ఒక్కొక్కరికీ అందించారు. వాళ్ళు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే ఆయన ముందుకు వంగి వాళ్ళ ముఖాలు చూస్తున్నారు. ఒకాయన కళ్ళు చిట్లించాడు, ఒకావిడ వెనక్కి తగ్గింది, ఒక కుర్రది నవ్వింది. ఎనిమిది ముఖాలూ చూశారు. ఆకలి మీదున్న మనిషి పక్కవాళ్ళు తింటుంటే చూసినట్టు ఉంది అది. నేను చూపు తిప్పుకున్నాను.

భోజనం వాళ్ళ వంటింట్లోనే. గుమ్మడికాయ సూపు, రొట్టె, వాళ్ళ చెట్టు నిమ్మకాయల జామ్. సూపులో చికెన్ నీళ్ళు పోశారేమోనని నేను నసుగుతుంటే, ఉత్త నీళ్ళతోనే చేశానని ఎలెన్ తనే చెప్పింది. "నీకు శనివారం కదా" అంది. శనివారాలు నేను మాంసం ముట్టనని పదహారేళ్ళు గుర్తు పెట్టుకుంది.

సూపు తాగుతూ అసలు సంగతి చెప్పింది ఎలెన్. నేను కోసిన ద్రాక్షతో, నేనున్న చలికాలంలో కాచిన బ్రాందీ ఇంకా ఒక పీపాలో ఉందట. మెల్‌బోర్న్‌లో ఒక రెస్టారెంట్ వాళ్ళు ఆ పీపా మొత్తం అడుగుతున్నారట. ఈ ఏడు వడగళ్ళకు పంట దెబ్బతింది, ఇప్పుడు సీసాల్లో పోసి ఇచ్చేస్తే తోట కుదుటపడుతుందని ఆమె లెక్క. అది తయారైందో లేదో తేల్చాల్సిన మనిషికేమో వాసన తెలియదు. కొలమానాలకు ఆ సంగతి చెప్పడం రాదు. ఆయన ఆరు నెలలుగా అవుననరు, కాదనరు. నా పేరు ఎందుకు ఎత్తుతున్నారో అప్పుడు అర్థమైంది.

రెండు గంటలకు పీపాల గదిలోకి వెళ్ళాం, నలుగురమే. చల్లగా, మసకగా ఉంది. ఎలెన్ పీపా మూత తీసి, పొడవాటి గాజు గొట్టంతో కొద్దిగా పైకి లాగి, గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఎమీల్ గారు గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. చెప్పమన్నారు.

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. వెనిలా ఉందన్నాను, ఓక్ అన్నాను, ఎండు పళ్ళు అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"అవి సీసా మీద అచ్చేసే మాటలు. అక్కడేముందో చెప్పు."

మళ్ళీ వాసన చూశాను. ఏముందో నాకు స్పష్టంగా తెలుస్తోంది, మాట మాత్రం ఇంగ్లీషులో లేదు. ఇన్నేళ్ళుగా ఆఫీసులో గంటల తరబడి మాట్లాడే భాష, అవసరానికి ఖాళీ అయిపోయింది. నాలో నేను అనుకున్నట్టు తెలుగులో గొణిగాను. ఏమన్నావని ఆయన అడిగారు. నేను తడుముకుంటుంటే ఆద్య అందుకుంది.

"షీ సెడ్ మ్యాంగో. లైక్, డ్రైడ్ మ్యాంగో. తాండ్ర ఈజ్... లైక్ ఎ ఫ్రూట్ రోల్-అప్, బట్ మై గ్రాండ్‌మా మేక్స్ ఇట్ ఆన్ ద రూఫ్."

"ఎండలో ఉన్నదా, డబ్బాలో పెట్టిందా?" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

"డబ్బాలోది" అన్నాను. "చాపకి అంటుకున్న వాసన కూడా ఉంది."

ఆద్య అదీ చెప్పింది. ఆయన తల ఊపారు. ఆ తర్వాత ఇంక నేను ఇంగ్లీషు జోలికి పోలేదు. మాగిన అరటి గెల పెట్టిన గది అన్నాను. నేతిలో జీడిపప్పు ఎర్రబడబోతున్నప్పటి వాసన అన్నాను. పట్టు చీరలు మడతపెట్టిన టేకు బీరువా తలుపు తీసినట్టుంది అన్నాను. మంట ఆర్పేసిన రెండో రోజు మా నాన్న బ్యారన్ తలుపు తీస్తే ముఖానికి కొట్టే తీపి వాసన, కాసింత పొగ, కాసింత తేనె, అన్నాను. ఆద్య ఒక్కోచోట ఆగి నన్ను ఇంకోసారి విడమరిచి చెప్పమని, దాన్ని తన మాటల్లో చెప్పింది. బ్యారన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించింది. అది ఎన్నడూ బ్యారన్ చూడలేదు, దాని తాతయ్య పొగాకు సాగు మానేశాకే అది పుట్టింది. ఎమీల్ గారి పెదాలు కదులుతున్నాయి, విన్న ప్రతిదాన్నీ నోట్లో వేసుకుని చూస్తున్నట్టు.

"బెల్లం పాకం" అన్నాను. "పొయ్యి మీద, తీగ రావడానికి ముందు."

అది చెప్పగానే ఆయన కళ్ళు తెరిచారు. ముందా, వెనకా అని రెట్టించి అడిగారు. ముందే అన్నాను.

"చివర?"

ఎలెన్ నాకు ఎదురుగా గాజు గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఏ మాట కోసం చూస్తోందో నాకు తెలుసు. ఆ సూపు, ఆ శనివారం గుర్తుపెట్టుకోవడం, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. గ్లాసు మరోసారి దగ్గరికి తీసుకున్నాను. అన్నీ అయిపోయాక అడుగున ఒకటి మిగులుతోంది. రంపం పెట్టి అప్పుడే కోసిన చెక్క పొట్టు. పచ్చిగా, కొంచెం చేదుగా.

"పచ్చి చెక్క" అన్నాను తెలుగులో. ఆద్య నా ముఖం చూసి, ఎలెన్ ముఖం చూసి, ఈసారి మెల్లగా చెప్పింది.

"షీ సేస్ ఇట్స్ స్టిల్ రా. ఎట్ ద ఎండ్."

ఎమీల్ గారు ఎలెన్‌తో ఫ్రెంచిలో రెండు ముక్కలు అన్నారు. ఆమె పీపా మూత బిగించి, దాని మీద ఒకసారి అరచెయ్యి వేసి తీసింది. ఇంకో నాలుగేళ్ళన్నారని నాకు చెప్పింది. నేను క్షమించమని అడగబోతే వద్దంది. సరిగ్గా మగ్గని బ్రాందీ మీద ఇంటి పేరు పడితే అది ఇంకా ఖరీదైన వ్యవహారం అంది. ఆ మాట నా కోసం అందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలియదు.

మూడున్నరకు ఎలెన్ ఆద్యను తీసుకుని కత్తిరించిన తీగలు చూపించడానికి వెళ్ళింది. నేనూ ఎమీల్ గారూ షెడ్డు బయట ఎండలో కూర్చున్నాం. పొద్దున్నుంచి నేను ఒక మాట కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడు గ్రహించాను. మళ్ళీ ఉండిపొమ్మని అడుగుతారేమోనని. అడిగినా నేను ఉండలేను. పాయింట్ కుక్‌లో ఇల్లుంది, దాని మీద లోనుంది, ఆద్య స్కూలుంది. అయినా అడగాలని ఉంది. ఆయన అడగలేదు. చివరికి నేనే అడిగాను, ఆ రోజు ఉండిపోయి ఉంటే నాకు ఈ పని వచ్చేదా అని.

ఆయన కొండ కేసి తిరిగారు.

"తెలియదు. ముక్కు మొదలు మాత్రమే. తర్వాత ముప్పై చలికాలాలు ఇవ్వాలి. నువ్వు ఒకటి ఇచ్చావు."

నాకేసి తిరిగి, ఆ ఒక్కటీ బాగా ఇచ్చావు అన్నారు.

నాలుగింటికి బయల్దేరాం, చీకటి పడకముందే ఫ్రీవే ఎక్కాలని. మంచు లేదు, రెండుంబావు గంటల్లో ఇల్లు చేరాం. దారిలో ఆద్య, బ్యారన్ వాసన తను సరిగ్గానే చెప్పిందా అని అడిగింది. దగ్గరగా చెప్పావన్నాను. అది ఒప్పుకోలేదు. అయితే అసలు ఎలా ఉంటుందో చెప్పమంది. క్రెస్విక్ మలుపు నుంచి మెల్టన్ దాకా ప్రయత్నించాను. ఎంత చెప్పినా అది సరే అంది గానీ, దానికి అందలేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఇది రాసేటప్పటికి ఆ ప్రయాణం జరిగి రెండు నెలలైంది. పీపా అక్కడే ఉంది. వయసు తక్కువ బ్రాందీ కొంత అమ్మి ఈ ఏడాది గట్టెక్కుతున్నామని ఎలెన్ రాసింది. వచ్చే జూన్‌లో రెండు వారాంతాలు వచ్చి బట్టీ దగ్గర కూర్చోనా అని అడిగాను, రమ్మంది. రెండు వారాంతాలతో బ్రాందీ కాచేదాన్ని అయిపోనని నాకు తెలుసు. ఉదయం ఆఫీసుకు రైల్లో వెళుతూ ఒక్కోసారి, నాకు దక్కని ఆ ముప్పై చలికాలాల్లో ఇది ఎన్నోది అయ్యేదో అని లెక్క వేస్తాను. ఇంతకుముందు ఆ ఆలోచన వస్తే ఫోన్ తీసి ఇంకేదో చూసేదాన్ని. ఇప్పుడు దాన్ని కాసేపు ఉండనిస్తున్నాను. మంచి బతుకే బతుకుతున్నాను. దాని పక్కనే ఇంకొకటి ఉండేదని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. అక్కడ ఇలాంటి కుటుంబ తోటలు చాలానే ఉన్నాయి, బట్టీ ఉన్నవి మాత్రం తక్కువ. జూన్, జూలైల్లో ముందుగా ఫోన్ చేసి బట్టీ వెలిగే రోజు కనుక్కుని వెళ్ళండి. మీరు తాగనివాళ్ళైనా, తిరుగు ప్రయాణంలో కారు నడపాల్సినవాళ్ళైనా బయట పార్కింగ్‌లో కూర్చోకండి. వాసన మాత్రం చూస్తానని చెబితే చాలు, కొద్దిగా గ్లాసులో పోసి ఇస్తారు. అరచేతిలో రెండు చుక్కలు రుద్దుకుని, పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా చూడండి. మీకు తట్టిన మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పండి.